ఏడో పాటలో కుర్చీ

కర్టెన్ల షాపు నుంచి,
వాన పట్టిన సోమవారం

వదినగారికి,

ఈ ఉత్తరం చదివే ముందు చేతికి అంటిన అద్దప్పొడి తుడుచుకోండి. దీంతోపాటు ఒక చిన్న పొట్లం కూడా వస్తుంది. దాన్ని మీరు విసుక్కుంటూ ఏ బీరువా మీదో పడేసేలోపల నాలుగు ముక్కలు చెప్పాలి. ఫోన్లో చెబుదామంటే మీరు ‘ఊఁ’ తప్ప ఇంకో అక్షరం ఖర్చుపెట్టరు. కాగితం మీదైతే కనీసం ఎదురు తిడతారు.

వచ్చేసింది! మన పిల్ల కొత్త ఆల్బం వచ్చేసింది. మీకు కూతురు, నాకు కోడలు, లోకానికి మాత్రం ఇంకా ఎవరో తెలియని గాయని. పొట్లంలో ఉన్న సీడీ అదే. తొమ్మిది పాటలు. రాసింది అదే, వరస కట్టింది అదే, పాడింది అదే, అట్ట మీద బొమ్మ వేసి కవర్లు అంటించింది కూడా అదే. వెనకాల పెద్ద కంపెనీ ఏదీ లేదు. ఉన్నదల్లా నేనూ, మా షాపులో కర్టెన్లకి రింగులు వేసే ఆవిడా, వీధి మొగలో ఇస్త్రీ ఆయనా, ఊళ్ళో అక్కడక్కడా ఇంకో ముప్ఫై నలభైమంది పిచ్చివాళ్ళూ. మావాడు, దాని మొగుడు, పోయాక ఇది రెండో వానాకాలం. వాడే ఉంటే ఆ కవర్లన్నీ వాడే అంటించేవాడు, బంక అంతా నా కత్తెర్లకి పూసేవాడు.

కోడలు పాడిందని మెచ్చుకుంటున్నారులే అని మీరు పెదవి విరుస్తారని తెలుసు. సరే, నన్ను వదిలేయండి. మా ఇస్త్రీ ఆయనకి అది కోడలు కాదుగా? రెండో పాట వచ్చిందంటే పెట్టె పక్కన పెట్టి మా గుమ్మంలో నిలబడతాడు. అద్దె ఇళ్ళు మారిన పాట అది. మారిన ప్రతి ఇంటి గోడకీ మన మేకులు మిగిలిపోయాయి, ఇప్పుడు వాటికి ఎవరి చొక్కాలు వేలాడుతున్నాయో అని పాడుతుంది. నిన్న పెట్టె పక్కన పెట్టడం మర్చిపోయి నిలబడ్డాడు. ఎవరిదో పాపం, మంచి చొక్కా. అయిదో పాట బస్సులో నిద్రపోయి ఆఖరి స్టాపులో దిగిన ముసలాయన మీద. రింగులావిడ నవ్వి నవ్వి రింగు వేలికి కొట్టుకుంది. ఇక మూడో పాట మీ మీదే, ఒట్టు. ‘జడ వేసిన చేతులకి గాజుపొడి ఉండేది, ఎండలోకి వెళితే నా జడంతా మెరిసేది’ అని మొదలవుతుంది. విన్నాక కూడా కోపం ఉంటే అప్పుడు ఒప్పుకుంటాను, కళ్ళద్దాలతోపాటు మీ గుండె కూడా మీరే మిషను మీద అరగదీసుకున్నారని.

ఏడో పాట గురించి ఏమీ చెప్పను. అది మీరే వినాలి. మాటలు వదిలేయండి, పాట వెనక వినండి. మీ మిషను ఆపి, కిటికీ తలుపులు వేసి, చెవి దగ్గర పెట్టుకుని వినండి.

వినగానే అమ్మాయికి ఫోన్ చేశాను. ‘ఏడో పాట చాలే తల్లీ, నా కడుపు నింపావు’ అన్నాను. ‘నిజంగానా అత్తా? ఏడో పాటేనా? నీకు కోపం లేదా?’ అని మళ్ళీ మళ్ళీ అడిగింది. కోపమేంటే పిచ్చిదానా అన్నాను. ఇద్దరం ఏడ్చాం. ఏడుస్తూనే ఫోన్ పెట్టేశాం.

ఇట్లు,
మీ అమ్మాయి మొదటి అభిమాని
(కాదు, నేను మొదటి అని ఎవరైనా అంటే షాపుకి రమ్మనండి, తేల్చుకుందాం)


కళ్ళద్దాల షాపు, మేడమీద గది
గురువారం

వదినగారికి,

ఉత్తరం చదివాను. పొట్లం విప్పలేదు. మీరు ఊహించినట్టే బీరువా మీద ఉంది.

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ఇక్కడ కాకి నోరు మూసుకుని కూర్చుంటే పక్క చెట్టు కాకి మురిసిపోతోంది. పిల్లల పెళ్ళయిన రోజు నుంచి ఇద్దరం ఒకరినొకరు వదినా అనుకోవడమే గాని ఇందులో ఆడపడుచు ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఆ పాత్ర నాకే వదిలేసినట్టున్నారు, ఆడిపోసుకునేది నేనే కాబట్టి.

మీకు తెలియనిది కాదు. నేను పాటంటే చెవి కోసుకునే రకం కాదు. దాన్ని కంటిపరీక్ష చదివించాను. షాపు బోర్డు మీద నా పేరు కింద దాని పేరు రాయించాను. ఒకరోజు పొద్దున్నే వచ్చి, ‘అమ్మా, నాకు అక్షరాల చార్టు చూస్తుంటే ఊపిరి ఆడట్లేదు, నేను పాడుకుంటాను’ అంది. మీ అబ్బాయి పక్కన నిలబడి, ‘పాడనివ్వండత్తయ్యా, లిఫ్టులు బాగుచేసే పని నాకుంది, ఇల్లు నేను చూసుకుంటాను’ అన్నాడు. మంచివాడే. మంచివాళ్ళే కొంపలు ముంచుతారు. పోయినవాణ్ణి అలా అనకూడదు, కానీ కొట్టేస్తే కాగితం పాడవుతుంది, ఉండనివ్వండి. ఆ బోర్డు ఇప్పటికీ గోడవైపు తిప్పి పెట్టే ఉంది. ఆ రోజు నుంచి అది ఈ మెట్లు ఎక్కలేదు. వాడు పోయినప్పుడు మీ ఇంట్లో చూశాను, అంతే. ఒకరి భుజం మీద ఒకరం తల పెట్టుకున్నాం గాని మాట్లాడుకోలేదు.

జడలో గాజుపొడి మెరిసిందట. కళ్ళలో పడి ఉంటే తెలిసేది. ఎన్నిసార్లు చేతులు కడుక్కుని జడ వేశానో పాటలో రాసిందా?

మీ అక్షరాలు గీత దాటి పైకి ఎక్కుతున్నాయి. సూదిలో దారం ఎక్కించడానికి పక్కవాళ్ళని పిలుస్తున్నారని అర్థమవుతోంది. పవరు మారింది. వచ్చి చూపించుకోండి.

మీ వదిన


కర్టెన్ల షాపు,
ఆదివారం, షట్టరు సగం దించి

వదినగారికి,

కాకినే. ఒప్పుకున్నాను. అందుకే ఇంత గోల చేస్తున్నాను.

ఎగతాళి పక్కన పెట్టి ఒక మాట చెబుతాను. ఇది ఇంకెవరికీ చెప్పలేదు, అమ్మాయికి కూడా. ఏడో పాటలో మావాడు ఉన్నాడు.

మతి పోయిందనుకోకండి. పాట మొదట్లో గిటారు ఒక్కటే వస్తుంది. అమ్మాయి గొంతు ఎత్తబోయే ముందు కిర్రుమని ఒక చప్పుడు. అది కుర్చీ వదినా. వాళ్ళింట్లో నేను కుట్టిన నీలం కర్టెను పక్కన, కిటికీ దగ్గర ఉంటుందే, ఆ కుర్చీ. వాడు బడి సెలవుల్లో నా షాపులో మిగిలిన చెక్కముక్కలూ కర్టెన్ కడ్డీలూ కలిపి చేశాడు. ముందు కాలు ఒకటి పొట్టి. కూర్చుంటే ఒకసారి మూలుగుతుంది, వెనక్కి వాలితే ఇంకోసారి మూలుగుతుంది. వేరే కాపురం పెట్టినప్పుడు మంచం కంటే ముందు దాన్నే మోసుకెళ్ళాడు. ఆ మూలుగు వెయ్యి కుర్చీల్లో గుర్తుపడతాను. దాని తర్వాత మడమతో నేలమీద చిన్నగా తాళం. రెండో చరణానికి ముందు గొంతు సవరించుకోవడం. అంతే, ఇంకేమీ ఉండదు.

ఫోటోలు పెట్టెడు ఉన్నాయి నా దగ్గర. గొంతు లేదు. ఎప్పుడూ పెళ్ళాన్ని పాడిస్తూ ఫోను పట్టుకుని నిలబడేవాడే గాని తను నోరు మెదిపేవాడు కాదు. పాట జరుగుతుంటే నన్ను కూడా కాలు కదపనిచ్చేవాడు కాదు, కళ్ళతోనే కసిరేవాడు. అంత జాగ్రత్త గలవాడు ఎలాగో ఒక్కసారి దొరికిపోయాడు. ఏదో పాత రికార్డింగు తీసి వాడుకుని ఉంటుంది అమ్మాయి. వెనక చప్పుళ్ళు తను గమనించిందో లేదో తెలియదు. అడిగితే, ‘అయ్యో, శుభ్రం చేసి మళ్ళీ వేస్తానత్తా’ అంటుందని భయం. అందుకే అడగలేదు.

జ్వరమని పడుకున్నవాడు మళ్ళీ లేవకపోతే చివరి మాటంటూ ఏదీ మిగలదు. మాత్ర వేసుకున్నావా అన్నాను, ‘ఊఁ’ అన్నాడు. అదే ఆఖరు. ఇన్నాళ్ళూ ఆ ‘ఊఁ’ తోనే కాలక్షేపం చేశాను. ఇప్పుడు దాని తర్వాత ఇంకొకటి దొరికింది. గొంతు సవరించుకున్నాడు వదినా, నాకేదో చెప్పబోతున్నట్టు.

షాపులో ఎవరూ లేనప్పుడు అదే వేసుకుంటున్నాను. రింగులావిడ ఏడో నంబరు అరిగిపోతుందంటోంది. మీరు ఒక్కసారి వినండి. వాడేనో కాదో చెప్పండి. పవరు రవ్వంత తేడా వచ్చినా అద్దం పారేసి మళ్ళీ చేసే మనిషి మీరు. మీరు చెబితే నమ్ముతాను.

మీ వదిన


మేడమీద గది

వదినగారికి,

పొట్లం విప్పాను. ఏడో పాట విన్నాను. మిషను ఆపి, కిటికీ వేసుకునే విన్నాను.

మీరు చెప్పిన చోటే ఉంది. ఆ కుర్చీ వాడిదే. అందులో అనుమానం లేదు.

మొన్న అమ్మాయి వచ్చి వెళ్ళింది. కాస్త చిక్కింది. టీ ఇస్తే తాగింది.

నేలమీద కూర్చుని గుడ్డ కత్తిరించడం మానేయండి. మోకాళ్ళు మళ్ళీ రావు. మీ ముఖానికి నప్పే ఫ్రేము ఒకటి పక్కన పెట్టి ఉంచాను.

మీ వదిన


కర్టెన్ల షాపు,
ఎండ కాసిన బుధవారం

మా వదినగారికి,

ఇంత చిన్న ఉత్తరం, ఇంత మెత్తగా మీరెప్పుడూ రాయలేదు. ఏడ్చి ఉంటారు. ఒప్పుకోరులెండి, నేనూ అడగను.

మీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని రోజంతా పని చేశాను. కుర్చీ వాడిదే, అనుమానం లేదు అని మీరు, సాక్షాత్తూ మీరు రాసిచ్చారు! ఆనందం పట్టలేక ఒక ఆసుపత్రివాళ్ళ కర్టెన్లు తలకిందులుగా కుట్టేశాను. పువ్వులన్నీ కిందికి చూస్తున్నాయి. విప్పుతూ కూర్చున్నాను, అయినా నవ్వే వచ్చింది.

అమ్మాయి మీ మెట్లు ఎక్కిందని రాశారు. ఎందుకొచ్చిందో రాయలేదు. తల్లీకూతుళ్ళ మధ్య నేనెందుకు గాని, టీ తాగిందంటే సగం పని అయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెల ఆఖరి ఆదివారం వాడి పుట్టినరోజు. ఆ సాయంత్రం షాపులో బల్లలు జరిపేసి, ఈ ఆల్బం పిచ్చి ఉన్నవాళ్ళందరినీ పిలుస్తున్నాను. ఇస్త్రీ ఆయన, రింగులావిడ వాళ్ళాయన, అమ్మాయి పాటలు వినే ఆ కాలేజీ పిల్లలు, మావాడితో లిఫ్టులు బాగుచేసిన స్నేహితులు, అందరూ వస్తామన్నారు. అమ్మాయి వచ్చి పాడుతుంది. పాడాక నేను లేచి ఏడో పాట వేసి, ఇందులో వినపడేది ఎవరో చెబుతాను. అమ్మాయికి కూడా అప్పుడే తెలుస్తుంది. దాని మొహం చూడాలి నేను.

ఫోన్లో దాన్ని పిలిచాను. ‘మైకులు కట్టే ఆయన్ని కూడా తీసుకురానా అత్తా?’ అంది. తీసుకురాక? స్పీకరు లేకుండా వీధి చివరికి వినపడేదెలా? ‘తప్పకుండా తీసుకురా, ముందు వరసలో కూర్చోబెడతాను’ అన్నాను. ఏడ్చేసింది పిచ్చిపిల్ల. ఈమధ్య ఏమన్నా ఏడుస్తోంది.

మీరు రావాలి. మోకాళ్ళూ మెట్లూ అని సాకులు చెప్పొద్దు. నేనొక్కదాన్నే చెబితే, తల్లి కదా, దానికి అలాగే వినపడుతుందిలే అంటారు. మీరు లేచి అవునంటే ఎవరూ మారు మాట్లాడరు. మీకు మొగమాటం లేదని, అబద్ధం రాదని బంధువులందరికీ తెలుసు.

మీ వదిన


మేడమీద గది
శుక్రవారం

వదినగారూ,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. కత్తెర చేతిలో ఉంటే కింద పెట్టండి.

ఆ కుర్చీ మీ అబ్బాయిదే. కూర్చున్నది మీ అబ్బాయి కాదు.

కుర్చీ వాడిదే అని రాశాను, మనిషి వాడే అని రాయలేదు. ఆ రెండు మాటల సందులో దాక్కున్నాను. అబద్ధం రాదంటారు నన్ను. అబద్ధం కంటే అన్యాయమైనది రాసి మీకు పంపాను. మీరు దాన్ని జాకెట్లో పెట్టుకున్నారని చదివి రెండు రోజులుగా మిషను ముట్టుకోలేదు.

టీ తాగి వెళ్ళిందని రాశానే, ఆ రోజు అమ్మాయి వచ్చింది నాకు ఒక మాట చెప్పడానికి. ఇంకో పెళ్ళి చేసుకోవాలనుకుంటోంది. అతను సభలకీ ఫంక్షన్లకీ మైకులు కట్టే మనిషి. ఊరంతా మోగించే పని చేసి ఇంటికొచ్చి నెమ్మదిగా మాట్లాడతాడట. ఈ పాటలు ఆ కుర్చీ ఉన్న ఇంట్లోనే రికార్డు చేసింది అతనే. ఏడో పాట పోయిన చలికాలంలో రాసింది, ఆ తర్వాతే పాడింది. అప్పటికి మీ అబ్బాయి లేడు వదినగారూ. కుర్చీలో, రికార్డు చేసే మిషను దగ్గర కూర్చున్నది అతను. జలుబు చేసి ఉండి గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ పాడమన్నాడట, ఇదే వద్దంది. ఆ చప్పుళ్ళు ఎందుకు ఉంచావే అని అడిగాను. ‘పాటలో ఉన్న మనిషి వినపడాలి కదమ్మా, లేకపోతే అత్తకి దాచినట్టవుతుంది’ అంది.

అర్థమైందా? అది మీకు చెప్పడానికే ఆ పాట రాసింది. ఎదురుగా చెప్పే ధైర్యం లేక పాటలో చెప్పింది. మీరు ఫోన్ చేసి ఏడో పాట చాలు, నా కడుపు నింపావు అన్నారు. కోపం లేదన్నారు. మీరు ఒప్పుకున్నారనుకుంది. మైకులాయన్ని తీసుకురానా అని అడిగినప్పుడు ముందు వరసలో కూర్చోబెడతానన్నారు. ఆ మాట అది ఊళ్ళో ఎంతమందికి చెప్పుకుందో. ‘అమ్మా, నువ్వెప్పుడూ అత్తలాగా ఎందుకు లేవు?’ అని నన్నడిగింది.

మీ ఉత్తరం, దాని మాట, రెండూ ఒకే వారంలో నా చేతికొచ్చాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దానికి చెబితే దాని సంతోషం పోతుంది. మీకు చెబితే మీ బిడ్డ రెండోసారి పోతాడు. నోరు మూసుకుంటే అన్నీ సర్దుకుంటాయేమో అనుకున్నాను. జనాన్ని పిలుస్తారని, అతను ముందు వరసలో కూర్చుని ఉండగా మీరు లేచి ఇది నా కొడుకు గొంతు అని చెబుతారని అనుకోలేదు. అది జరగనివ్వలేను. మీకూ వద్దు, ఆ పిల్లకీ వద్దు.

గొంతు సవరించుకోవడం అందరిదీ ఒకలాగే ఉంటుంది. అందులో మీ తప్పేమీ లేదు. అమ్మాయికి నేనింకా ఏమీ చెప్పలేదు. ముందు మీకే చెప్పాలనిపించింది. తిట్టండి, ఎంతైనా తిట్టండి. కానీ జవాబు రాయండి.

మీ వదిన


కర్టెన్ల షాపు

అయ్యా, అమ్మా అనే పిలుపులు లేకుండా రాస్తున్నాను, ఏమనుకోవద్దు.

ఉత్తరం అందింది. ఆఖరి ఆదివారం షాపు మూసి ఉంటుంది. ఎవరూ రానవసరం లేదు. మీ అమ్మాయికి మీరే చెప్పుకోండి.


మేడమీద గది
చలి మొదలైన మంగళవారం

వదినగారికి,

మీరు పిలవకపోయినా నేను వదినా అనే రాస్తాను. అంతకంటే వేరే పిలుపు నాకు రాదు.

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఇది మూడోది.

ఆ ఆదివారం ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. నేను అమ్మాయికి చెప్పలేకపోయాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఆ రోజు వచ్చేసింది. అది అతన్ని వెంటబెట్టుకుని మీ షాపుకి వచ్చింది. అతను పెద్ద స్పీకరు భుజాన మోసుకొచ్చాడట. షట్టరు దించి ఉంది. వచ్చినవాళ్ళందరూ వీధిలో నిలబడ్డారు. మీ ఇస్త్రీ ఆయన తన బల్ల ఖాళీ చేసి స్పీకరు దాని మీద పెట్టించాడు. షట్టరు కింద సందులోంచి వెలుతురు కనిపించిందట, లోపల ఏడో పాట వినిపించిందట. మళ్ళీ మళ్ళీ అదే. మీరు లోపల ఉన్నారని అందరికీ తెలుసు. ఎవరూ షట్టరు కొట్టలేదు. చీకటి పడేదాకా ఉండి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత చెప్పాను దానికి. నేను అనుకున్నట్టు ఏడవలేదు. అతనికి ఫోన్ చేసి ఇంక పెళ్ళి మాట ఎత్తొద్దని చెప్పేసింది. గిటారు తీసి మంచం కింద పెట్టింది. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. పొద్దున్నే కిందికొచ్చి కంటిపరీక్ష చేస్తోంది. అక్షరాల చార్టు ముందు నిలబడి, ఈ వరస చదవండి, ఆ వరస చదవండి అంటోంది. నేను కోరుకున్నది అచ్చంగా ఇదే కదా. గోడవైపు ఉన్న బోర్డు ఇటు తిప్పచ్చు. తిప్పలేకపోతున్నాను వదినగారూ. అది మనసు చంపుకుని నిలబడినట్టు నిలబడుతోంది.

మీ ఒప్పుకోలు అడగడానికి రాయడం లేదు. కన్నకొడుకు కుర్చీలో ఇంకొకణ్ణి చూడమని ఏ తల్లికీ చెప్పే హక్కు నాకు లేదు. ఒక్కటే అడుగుతాను. దాని పాటలన్నీ మీకు కంఠతా వచ్చు. మేకుల పాట, బస్సు పాట, నా జడ పాట, అన్నిటి మాటలూ నాకు రాసి పంపారు. ఏడో పాటలో ఒక్క మాట కూడా రాయలేదు. నేనూ అంతే. కుర్చీ కోసమే విన్నాను, పాట వినలేదు. మొన్న అది కింద షాపులో ఉండగా తొమ్మిదీ విన్నాను, మొదటిసారి. మూడో పాటలో, నేను చేతులు ఎన్నిసార్లు కడుక్కునేదాన్నో రాసింది. రాసిందండీ. నాకు తెలియకుండా లెక్కపెట్టుకుందట.

మొదటి అభిమాని మీరు. ఒక్కసారి ఆ కుర్చీని వదిలేసి పాట వినండి.

మీ వదిన


కర్టెన్ల షాపు,
చలి తగ్గాక

వదినగారికి,

మీ ఉత్తరాలన్నీ చదివాను. జవాబు రాయకపోవడం పొగరు వల్ల కాదు. రాద్దామని కూర్చుంటే చేతికి మాట రాలేదు.

మీకు తిట్లు కావాలన్నారు కదా, తిట్టాను. మిమ్మల్ని తిట్టాను, దాన్ని తిట్టాను, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు జలుబు చేసిన పాపానికి వాణ్ణీ తిట్టాను. గోడ మీద దాని బొమ్మ తీసేశాను. సీడీలన్నీ మూటగట్టి చింపిరి గుడ్డల కింద తోశాను. రింగులావిడ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఇస్త్రీ ఆయన ఒకరోజు గుమ్మంలో నిలబడి, ‘అమ్మా, రెండో పాటైనా వేయండి, మేకులేం పాపం చేశాయి’ అన్నాడు. అతని మీద కూడా అరిచాను.

ఆ ఆదివారం లోపల ఉన్నాను. నిజమే. స్పీకరు పగిలిపోయేంత గట్టిగా పెట్టుకుని విన్నాను. మీరు రాసింది తప్పని తేల్చాలని. ఆ గొంతు సవరింపులో వాడి పోలిక పట్టుకోవాలని. నాకో సంగతి ముందే తెలుసు వదినా. మీకు నేనే రాశాను కూడా. మావాడు పాట జరుగుతుంటే ఊపిరి గట్టిగా పీల్చేవాడు కాదు. దగ్గు వస్తే నోట్లో తువ్వాలు కుక్కుకుని బయటికి పరిగెత్తేవాడు. పాట మధ్యలో గొంతు సవరించుకునే మనిషి మావాడు కాదు, కాలేడు. కన్నదాన్ని, ఆ మాత్రం తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని తొక్కిపెట్టి ఇంకెవరిదో దగ్గుని ఒళ్ళో పెట్టుకుని పడుకోబెట్టాను ఇన్నాళ్ళూ.

ఇప్పుడు మళ్ళీ ఆ ‘ఊఁ’ ఒక్కటే మిగిలింది. అది కూడా ఈమధ్య సరిగ్గా గుర్తురావడం లేదు. ఎలా అన్నాడో అనుకుని నేనే అని చూసుకుంటున్నాను. నా గొంతే వినపడుతోంది.

మీరు చెప్పినట్టు మొన్న మూట విప్పి పాట విన్నాను. కుర్చీ కిర్రుమన్నప్పుడు చెవులు మూసుకున్నాను, అది ఎత్తుకున్నాక తెరిచాను. మాటలు ఇవి:

కిటికీ పక్కన కుర్చీ ఉంది
కూర్చునే మనిషి లేక
నిలబడ్డ మనిషిని చూసి చూసి
కూర్చోమన్నాను, కోపమా?

నువ్వు కుట్టిన తెర పక్కకి జరిపి
ఎండని లోపలికి రమ్మన్నాను
నీకు చెప్పక జరిపాను గనక
మూసేయమంటే మూసేస్తాను

దానికి తెర కుట్టినదాన్ని ఈ లోకంలో నేనొక్కదాన్నే కదా. అంత స్పష్టంగా, నా మొహంలో మొహం పెట్టి అడుగుతోంది. ప్రతిరోజూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, నా షాపులో నిలబడి అడుగుతూనే ఉంది. నేనేమో దాన్ని పక్కకి నెట్టి దాని వెనక ఎవరున్నారా అని చూస్తున్నాను. మొదటి అభిమానినట! ఆ పిల్ల పాటని ఈ ఊళ్ళో అందరికంటే ఆఖర్న విన్నది నేను.

షట్టరు దించాను. మూసేయమన్నానని అర్థం చేసుకుంది. మూసేసింది. చెప్పిన మాట అంత బుద్ధిగా వినే పిల్లని ఏం చేసుకోను వదినా?

ఈ ఉత్తరంతో ఒక మూట పంపుతున్నాను. ఆ కిటికీకి కొత్త కర్టెన్లు. నీలంవి మందం, తీస్తేగాని వెలుగు రాదు. ఇవి పల్చటి తెల్ల గుడ్డ. మూసి ఉన్నా వెలుగు వస్తుంది. అందుకని మూసేయనా, తీయనా అని అది ఇక ఎవరినీ అడగక్కర్లేదు. కుట్టు కాస్త వంకరగా ఉంటుంది. దారం రింగులావిడే ఎక్కించి ఇచ్చింది. మీ దగ్గరికి కళ్ళు చూపించుకోవడానికి వస్తాను గాని ఇప్పుడే కాదు. అది షాపులో ఉంటే నా కళ్ళు పరీక్ష చేస్తుంది. దాని మొహం అంత దగ్గరగా ఇప్పుడు చూడలేను.

గిటారు మంచం కిందనుంచి తీయమనండి. చార్టు ముందునుంచి దాన్ని పంపేయండి. ఆ బోర్డు మీరు ఎటు తిప్పుకున్నా సరే. అతనికి ఫోన్ చేయమనండి. చేసుకోమనండి. అత్త చెప్పిందని చెప్పండి, పాటలో అడిగినదానికి ఇదే జవాబని. పెళ్ళికి మాత్రం నేను రాలేను. నన్ను పిలవొద్దని మీరే నచ్చజెప్పండి. పిలిస్తే వస్తాను, వస్తే ఏడుస్తాను, ఏడిస్తే అది మళ్ళీ మూసేస్తుంది.

ఇంకొక్క మాట, మర్చిపోకుండా చెప్పండి. మైకులు కట్టే మనిషి, చేతిలో పనున్నవాడు, ఇంట్లో చప్పుడు చేసే వస్తువుంటే ఊరుకోడు. ఆ కుర్చీ కాలు పొట్టిగా ఉందని కింద చెక్క పెట్టి బిగించేస్తాడు. దాంట్లో కూర్చోమనండి, రోజూ కూర్చోమనండి, నాకు అభ్యంతరం లేదు. బిగించొద్దని మాత్రం చెప్పండి.

మీ వదిన